నూకమ్మకి తరాయి

పేరు రాయడానికి మేకు చాలనుకుంది భాగ్యరేఖ. తీరా గీస్తే సిమెంటు అంచులు పెళ్ళలుగా లేచిపోయాయి. మేకు అవతల పారేసి, జడలోంచి పిన్ను తీసి, దాని గుండ్రటి కొసని నీళ్ళలో ముంచుకుంటూ బొమ్మ నిలబడిన దిమ్మ మీద ఒక్కొక్క అక్షరమే దిద్దింది. నూ. క. మ్మ. ఆ చివరి వత్తు వంకరపోయింది. తడిగుడ్డతో చెరిపి మళ్ళీ రాసింది.

తెలుగులోనే రాసింది. భిలాయిలో ఒక కాలనీ పార్కులో తెలుగు ఎంతమంది చదువుతారన్నది ఆమెకి అక్కర్లేదు. చదవాల్సిన మనిషి ఒక్కతే. ఆ మనిషికి చదవడం వచ్చిన మాటా ఒక్కటే. వాళ్ళమ్మ నూకమ్మ ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టర్ల కింద ముప్ఫయ్యేళ్ళు రేజాగా తట్ట మోసింది. ఆడకూలీని ఇక్కడ రేజా అంటారు. హాజరు పుస్తకంలో వేలిముద్ర వెయ్యడం నామోషీ అనిపించి, ఎవరో మేస్త్రీని బతిమాలి పేరు రాయడం నేర్చుకుంది. ఆ మూడక్షరాలు తప్ప లోకంలో ఇంకే రాతా ఆమెకి తెలీదు.

పార్కు కమిటీ వాళ్ళు అడిగింది ఒక తాబేలు, రెండు పుట్టగొడుగులు, పూలకుండీలా పనికొచ్చే బొమ్మొకటి. ఆ మూడోదాని దగ్గరే భాగ్యరేఖకి మనసు పట్టింది. భిలాయిలోనే మరోదా బస్తీలో తన పెరట్లో ఎన్ని కప్పలు, ఎన్ని హంసలు పోసిందో లెక్కలేదుగానీ, మనిషిని చెయ్యడం ఇదే మొదలు. ఊచలు వంచి, వాటికి కోళ్ళ జాలీ చుట్టి, ఒకటికి రెండుపాళ్ళు జల్లించిన ఇసకతో సిమెంటు కలిపి పొర మీద పొర ఎక్కించింది. చీర అంచు కోసం వాళ్ళమ్మ పాత నేతచీర ముక్కే తడి సిమెంటు మీద అద్ది లాగింది. మొహం తాపీకి లొంగలేదు. ఇంట్లో కూర వడ్డించే చెంచా తెచ్చి, దాని వీపుతో రెండు గంటలు కూర్చుని రుద్దింది. నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద తట్ట, తట్టని పట్టుకున్న కుడిచెయ్యి. ఎప్పుడో ఇటుక పడి వంకరపోయిన చిటికెనవేలు కూడా వంకరగానే పెట్టింది. కళ్ళు మాత్రం మూసీ మూయనట్టు వదిలింది. ఎండలో వాళ్ళమ్మ అలాగే చూస్తుంది.

ఆ పైకెత్తిన చేతికే ఆమె భయమంతా. సోమవారం సాయంత్రం మోచేతి దగ్గర అతుకు వేసింది. ఇక ఏడు రోజులు తరాయి పట్టాలి. తరాయి అంటే మరేం లేదు, గోనెలు కప్పి, మూడు పూటలా నీళ్ళు కొట్టి, సిమెంటుని తడారనివ్వకుండా కాచుకోవడం. మే నెల ఎండకి ఒక్క పూట మానేస్తే చాలు, అతుకు నోరు తెరుస్తుంది. ఏడోరోజు దాటాక గరుకు కాగితంతో రుద్ది, కావిరంగు పల్చగా పూసి, తట్టలో గడ్డిగులాబీలు నాటి, అప్పుడు అమ్మని ఆటోలో తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టాలి. ఏం మాట్లాడకూడదు. ఆవిడే చదువుకుంటుంది. ఆ బొమ్మ ఎవరిదో అంతవరకూ ఇంట్లో చెప్పకూడదని మొగుడి దగ్గర కూడా ఒట్టు వేయించుకుంది.

మంగళవారం రెండు పూటలు నీళ్ళు కొట్టింది. మూడో పూట గాలిదుమారం రేగి వెళ్ళలేకపోయింది. బుధవారం తెల్లారగానే బాల్టీ పట్టుకుని పార్కు గేటు దాటింది.

ముందు తను వేరే పార్కులోకి వచ్చేసిందనుకుంది. తాబేలు కనపడ్డాక కాదని తెలిసింది. తను కప్పిన గోనెలు చెత్తకుండీ పక్కన పడున్నాయి. బొమ్మకి గుళ్ళో అమ్మవారికి కప్పే ఎర్ర చునరీ చుట్టారు. తట్ట మీంచి దాని జరీ అంచు వేలాడుతోంది. మెడలో నిమ్మకాయల దండ, బుగ్గలకి పసుపు, నుదుట అరచేతి మందాన కుంకుమ. అంతవరకూ ఎలాగో నిలబడిందిగానీ, కళ్ళ మీదికి చూపు పోయేసరికి బాల్టీ చేతిలోంచి జారిపోయింది. సుపేలా బజారులో పూజసామాను కొట్ల ముందు అట్టలకి గుచ్చి అమ్ముతారే, ఆ రేకు కళ్ళు తెచ్చి అతికించారు. తెల్లటి గుడ్లు, నడిమధ్య నల్లటి చుక్కలు. వాళ్ళమ్మ ఆ కళ్ళతో రెప్ప వెయ్యకుండా ఆమెనే చూస్తోంది.

"చెప్పులిప్పీయమ్మా ముందు," అంది హారతి పళ్ళెం పట్టుకున్నావిడ. కాలనీలో ఉండే లక్ష్మీకుమారి ఆవిడ.

"ఇదేటండీ ఇది?" అంది భాగ్యరేఖ.

"తెలీదేటి నీకు? మొన్న చీకటి పడే ముందు నడవడానికొచ్చి చూసేను. చూద్దును కదా, పేరుంది. నూకమ్మ. మా అనకాపల్లి నూకాలమ్మ తల్లే. ఇంత దూరం వచ్చీసినా మనల్ని ఒదల్లేదు చూడు. మా మనవరాలికి నాల్రోజుల జొరం. ఇక్కడే నిలబడి మొక్కుకున్నాను. తెల్లారీసరికి ఒళ్ళు చల్లబడిపోయింది."

ఆ పేరు నేనే రాసేనండీ అందామనుకుంది భాగ్యరేఖ. నోరు తెరిచింది కూడా. లక్ష్మీకుమారి అప్పటికే కళ్ళు మూసుకుని చెంపలు వేసుకుంటోంది. పక్కన ఇద్దరు ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు "నూకమ్మా దాయీ" అంటూ, వాళ్ళ మాటలో అమ్మా అని పిలుస్తూ, చెంబుల్తో పాలు తెచ్చి తట్ట మీంచి కుమ్మరించారు. తెల్లటి చార మోచేతి అతుకు మీంచి జారి, చంకలోకి దిగింది. ఆ పాలల్లో పంచదార కలిపారేమో, దిమ్మ మీద అప్పటికే చీమలు కూడా పట్టాయి.

కమిటీ సెక్రటరీ శంకరరావు దూరం నుంచే ఆమెని చూసి గబగబా వచ్చి, కొళాయి పక్కకి పిలిచాడు. ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. బొమ్మలు చేయించిందీ ఆయనే.

"శంకరరావు గారూ, అది మా అమ్మండి," అంది భాగ్యరేఖ. "తట్టలో పూలమొక్కలు పెడతామన్నారు మీరే కదా."

"మెల్లిగానమ్మా. నాకు తెలీదా? మొన్నటిదాకా బొమ్మే. ఇప్పుడు నలుగురూ దణ్ణం పెడుతున్నారు. అసలా పేరు రాసిందెవరు? నేనా?"

ఆమె జడలోని పిన్ను తడుముకుంది.

"ఇప్పుడెళ్ళి, ఇది ఫలానా కూలిమనిషి బొమ్మ అని చెప్పమంటావా? తలెత్తుకోలేరు. ఆ సిగ్గుకి సమ్మెట పెట్టి కొట్టీసినా కొట్టీస్తారు. నీకదే కావాలా?"

"ఒద్దండి. ఎవరికీ చెప్పను. తరాయి మాత్రం కొట్టుకోనివ్వండి. మోచెయ్యి అతుకేసి రెండ్రోజులే అయింది. పగిలిపోద్ది."

శంకరరావు కొళాయి వైపు చూశాడు. కారకపోయినా దాన్ని ఇంకాస్త బిగించాడు. "అదే చెప్దామనుకుంటన్నాను. నువ్వు ఆదివారాలు మీ ఆయనతో చర్చికెళ్తావు కదా. నాకేటీ లేదమ్మా. నలుగురి మాట చెప్తన్నాను. పూజైపోయింది గదా, నువ్వు ముట్టుకుంటే మైలంటన్నారు."

"ఇన్నాళ్ళూ ముట్టుకునే కదండీ చేసేను?"

ఆయన అప్పటికే వాచ్‌మన్‌కి సైగ చేశాడు. ఆమె తేరుకుని బొమ్మ వైపు తిరిగేసరికి వాచ్‌మన్ నాలుగు కర్రలు పాతి చుట్టూ తాడు కడుతున్నాడు. "దీదీ, రస్సీ కే బాహర్," అన్నాడు, పాపం మర్యాదగానే. ఆమె తాడుకి ఇవతల నిలబడింది. తను కన్న బిడ్డని చూడ్డానికి పరాయివాళ్ళ గుమ్మంలో నిలబడ్డట్టుంది. ఒలికిన బాల్టీ నీళ్ళు అప్పటికే నేల తాగేసింది. పొడి గోనెలు మడిచి చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

*

రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసే అనిల్‌కుమార్ పొద్దు వాలాక డ్యూటీ దిగి వచ్చి, పెరటి వెనక నిలబడి పెళ్ళాం చెప్పిందంతా విన్నాడు. మొదట నవ్వాడు. "ఇంట్లో అమ్మోరిని పెట్టుకుని ఇన్నాళ్ళూ టీలో పంచదార తక్కువైందని దెబ్బలాడేనా నేను?" అన్నాడు. మైల మాట విన్నాక ఆ నవ్వు పోయింది. చొక్కా గుండీలు మళ్ళీ పెట్టుకున్నాడు. "చర్చికెళ్తే చేతులకి మైల పట్టేస్తాదా? చల్, నేనే అడుగుతాను ఆ సెక్రటరీని."

"ఒద్దు. గొడవైతే బొమ్మనే కొట్టీస్తారు," అని చెయ్యి పట్టుకుని ఆపింది. ఏడుపు వస్తే బావుండుననిపించింది. రావడం లేదు. ఆ రేకు కళ్ళే కళ్ళ ముందు కదుల్తున్నాయి.

నూకమ్మ పెరట్లో స్టూలు మీద కూర్చుని ఇసక జల్లిస్తోంది. డెబ్బై దాటాయి, వద్దంటే వినదు. జల్లెడ ఆపకుండానే అడిగింది.

"ఒలే భాగ్యం. తరాయి కొట్టీసేవా?"

"కొట్టేనమ్మా."

"మరి సంచులేటి పొడిగున్నాయి?"

"ఎండకి ఆరిపోనాయి."

నూకమ్మ జల్లెడ పక్కన పెట్టింది. గోనె అందుకుని, మడత విప్పి, లోపల అరచెయ్యి పెట్టి చూసింది. వాసన చూసింది. "ఎండకి పైన ఆరతాది. మడతలో ఆరదు. నాకంటే అబద్దం సెప్పగలవు గానీ సిమెంటుకి సెప్పలేవే. ఎన్ని పూటలు ఒగ్గీసేవు?"

భాగ్యరేఖ లెక్కపెట్టుకుంది. "నాలుగు."

"నాలుగా? ప్లాంటు చిమ్నీ దగ్గర మేస్త్రీలు సెలవెట్టి పండగ సేసుకున్నా, తరాయి మాత్రం నాను ఒక్క పూట ఒగ్గలేదు. జొరంతో ఎల్లేను. నువ్వు పొట్టలో ఉండగా ఎల్లేను. రేప్పొద్దున్న ఆటో పిలు. నాను కొడతాను."

"అక్కడ జనం ఉంటారమ్మా. నువ్వు చూడలేవు."

"జనాన్ని సూడ్డానికి కాదు గదేటి ఎల్లేది."

బొమ్మ ఎవరిదో చెప్పెయ్యాలనుకుంది భాగ్యరేఖ. తినేటప్పుడు అనుకుంది, పక్కలు వేసేటప్పుడు అనుకుంది. ఎలా మొదలెట్టాలో తెలియలేదు. అమ్మా, నీ బొమ్మ చేశాను, దాన్ని దేవుణ్ణి చేసేశారు, నన్ను ముట్టుకోవద్దన్నారు. ఈ మూడింటిలో ఏది ముందు చెప్పినా మిగతా రెండూ మండుతాయి.

*

గురువారం పొద్దున్నకి వరస గేటు దాకా వచ్చింది. భాగ్యరేఖ తల్లిని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించి, తాడు దగ్గర ఆగిపోయింది. నూకమ్మ ఆగలేదు. ముసలావిడ చేతిలో చెంబు చూసి ఆడవాళ్ళు దారి ఇచ్చారు. ఎవరో చెయ్యందించి తాడు పైకెత్తారు.

నూకమ్మ ముందు మొహం చూడలేదు. పనిమనిషి చూపు పని మీదికే పోతుంది. మోచేతి దగ్గర వెంట్రుక మందాన పగులు కనిపెట్టింది. దాని మీద బొటనవేలు పెట్టి నొక్కింది. తలెత్తి చేతివేళ్ళ దాకా చూసింది. చిటికెనవేలు దగ్గర ఆగింది. తన చెయ్యి ఎత్తి, తన చిటికెనవేలు చూసుకుంది. తర్వాత మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, దిమ్మ మీద ఎండిన పాలు కొంగుతో తుడిచింది. అక్షరాల మీద వేలు పెట్టి, హాజరు పుస్తకంలో రాసినట్టే, ఒక్కొక్కటే దిద్దింది.

తాడు ఇవతల భాగ్యరేఖ చంకలోని గోనెల్ని గట్టిగా హత్తుకుంది. వారం రోజులుగా ఆ వేలు ఆ అక్షరాల మీద ఎలా కదులుతుందో ఊహించుకుంటూనే ఉంది. ఆ పసుపులో, చీమల మధ్య, వంద చెంబుల ముందు కదుల్తుందని మాత్రం అనుకోలేదు.

నూకమ్మ తిరిగి కూతురి వైపు చూసింది. దవడ ఒక్కసారి అదిరింది, అంతే.

ముసలమ్మకి సాయం పడదామని శంకరరావు దగ్గరికొచ్చాడు. "లేవండి మామ్మగారూ. మీ పేరేటి?"

"నూకమ్మ."

చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు విప్పారాయి. "అమ్మ పేరే పెట్టుకున్నారన్నమాట," అంది లక్ష్మీకుమారి.

"కాదమ్మా. ఈ పేరు నాది ముందు. ఈవిడ మొన్న ఒచ్చింది."

పెద్దావిడ పరాచికానికి అందరూ నవ్వారు. శంకరరావు ఒక్కడే నవ్వలేదు. ఆయన ఆ వంకర చిటికెనవేలు చూశాడు, బొమ్మ చిటికెనవేలు చూశాడు, తర్వాత ఎక్కడ చూడాలో తెలియక చెప్పుల్లేని తన కాళ్ళవైపు చూసుకున్నాడు.

ఇంతలో ఒకావిడ పాలచెంబు ఎత్తింది. నూకమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది. "పాలొద్దు. పంచదార సిమెంటుకి సత్రువు. నీల్లు పొయ్యండి. పొద్దున్న, మద్దేన్నం, సాయంత్రం. నీల్లు పోసేక గోనె కప్పండి."

"అమ్మవారికి గోనేటి మామ్మగారూ?" అన్నాడు ఎవరో వెనకనుంచి. "ఎవరు చెప్పేరు?"

"నానే సెప్తన్నాను," అంది నూకమ్మ. "నూకమ్మని."

ఆవిడ ఉన్న మాటే చెప్పింది. విన్నవాళ్ళకి అమ్మోరే పలికినట్టు ఒళ్ళు జలదరించింది. లక్ష్మీకుమారి చేతులు జోడించింది, ఈసారి బొమ్మకి కాదు. ముప్ఫయ్యేళ్ళు అందరూ 'ఏయ్ రేజా' అని పిలిస్తే పరిగెత్తిన మనిషి మాటకి, గేటు దాకా ఉన్న వరస పాలచెంబులు కింద పెట్టి కొళాయి దగ్గరికి నడిచింది. శంకరరావు తనే వెళ్ళి చునరీ విప్పాడు. భాగ్యరేఖ తాడు మీంచి గోనెలు అందిస్తే, తల దించుకుని అందుకున్నాడు.

నీళ్ళు పడ్డాయి. పదో చెంబుకో పదకొండో చెంబుకో ఒక రేకు కన్ను జారి దిమ్మ మీద టంగుమంది. రెండోది పసుపు నీళ్ళతో పాటు కిందికి కొట్టుకుపోయింది. వాటి కింద వాళ్ళమ్మ కళ్ళు మూసీ మూయనట్టు బయటపడ్డాయి.

"అమ్మోరు కళ్ళు మూసుకుంది," అంది లక్ష్మీకుమారి గుసగుసగా.

"ఎండలో తట్టెత్తుకుంటే ఎవుతికైనా కల్లు మూతలడతాయి," అంది నూకమ్మ. చెంబు బోర్లించి, నీళ్ళు దులిపింది.

ఆటో సుపేలా దాటాక నూకమ్మ అంది. "పగులుంది. సూసేవా?"

"చూసేనమ్మా."

"సిమెంటు పాలు పట్టాల. పల్సగా."

"నన్ను ముట్టుకోనివ్వరు కదా."

"పాలు నువ్వు కలుపు," అంది నూకమ్మ. "పోసీది నాను పోస్తాను."

*

శుక్రవారం తెల్లవారగానే భాగ్యరేఖ సిమెంటుని పాత చున్నీలో జల్లించి, నీళ్ళు పోసి, ఉండ కట్టకుండా చెంచాతో గిలక్కొట్టింది. మొహం తీర్చిన చెంచాయే అది. మీగడలా పల్చగా వచ్చేదాకా కలిపి, ఇత్తడి చెంబులో పోసి, పైన తమలపాకు కప్పింది. అనిల్‌కుమార్ చూసి నోరెళ్ళబెట్టాడు. అత్త మొహం చూసి, ఆటో పిలవడానికి వెళ్ళాడు.

పార్కులో బొమ్మ గోనెల్లో నిండా తడిసి ఉంది. ఎవరో రాత్రి కూడా నీళ్ళు పోశారు. నూకమ్మని చూడగానే వరస రెండుగా చీలింది. ఆవిడ గోనె తొలగించి, చెంబులో వేళ్ళు ముంచి, మోచేతి పగులు మీద ఆ పాలు పట్టించింది. పగులు తాగినంతా తాగనిచ్చి మళ్ళీ పట్టించింది. అంచులు బొటనవేలితో సాపు చేసింది. తన చేతికి తనే మందు రాసుకుంటున్నట్టు అంత నిదానంగా చేసింది. ఇవతల తాడు పట్టుకుని నిలబడ్డ భాగ్యరేఖ వేళ్ళు కూడా గాలిలో అలాగే కదిలాయి. ఎంత నొక్కాలో, ఎక్కడ ఆపాలో ఆ వేళ్ళకి తెలుసు.

"అవేం పాలండీ, బూడిద రంగులో ఉన్నాయి?" అంది వెనకావిడ.

"మా ఇంటి పాలు," అంది నూకమ్మ.

రెండోసారి గోనె కప్పి, ఆవిడ అక్కడే నిలబడిపోయింది. తడి గోనె సందులోంచి మొహం కనపడుతోంది. కడిగిన మొహం. వయసులో ఉన్న మొహం. నూకమ్మ చెయ్యెత్తి ఆ చెంపని తాకబోయింది.

వరస పెరుగుతోంది. వెనక తోపులాట మొదలైంది. లక్ష్మీకుమారి ఆవిడ భుజం మీద మెల్లిగా చెయ్యి వేసింది. "దర్శనం అయిపోయింది కదా మామ్మగారూ. కాస్త పక్కకి జరగండి. వెనకాల జనం ఉన్నారు." అరచేతిలో ఇంత పటికబెల్లం కూడా పెట్టింది.

నూకమ్మ జరిగింది. జరగమంటే జరగడం ఆవిడకి కొత్త కాదు. తాడు దగ్గరికి వచ్చి, దాని కిందనుంచి వంగి రాబోయి నడుం పట్టేసి ఆగిపోయింది. కూతురు ఇంకా బొమ్మ వైపే చూస్తూ నిలబడి ఉంది.

"ఏటే అలా కొయ్యబారిపోయేవు?" అంది నూకమ్మ. "దాన్ని ముట్టనివ్వకపోతే మానీ. నన్నట్టుకో."

భాగ్యరేఖ తాడు పైకెత్తి తల్లి మోచెయ్యి పట్టుకుంది. దానికి సిమెంటు పాలు అంటుకుని, అప్పుడే ఆరడం మొదలుపెట్టాయి. కొళాయి దగ్గర కొంగు తడిపి తుడుస్తూ ఆటో దాకా నడిపించింది.